గోధుమ రొట్టెల వేసవి

హుద్‌హుద్ గాలివాన పోయిన మరుసటి వేసవి. గజపతినగరం షావుకారు నగరేశ్వరరావు గారు పాటకు తీసుకున్న మామిడితోటలో సగం చెట్లు వేళ్లతో సహా పడిపోయాయి. మిగిలిన సగానికి నేను కాపలా. ఆ ఏడు కాయ తక్కువ, కోతులు ఎక్కువ. మా ఆవిడ లీలారాణి తనకు పడదని తెలిసిన గోధుమ రొట్టెను పట్టుబట్టి తిన్నది ఆ వేసవిలోనే.

మా ఇంట్లో రాత్రిపూట అన్నం వండరు. మా అమ్మ జగ్గమ్మకు సుగరు వచ్చిన దగ్గర్నుంచి రాత్రికి గోధుమ రొట్టెలే. ఒక్క మనిషికి వేరే వంట ఎందుకని అందరం అవే తినేవాళ్లం. ఆ ఏళ్లన్నీ లీలారాణి కడుపు నిలకడగా ఉన్నది లేదు. తిన్నది వంటబట్టేది కాదు. ఉబ్బరం, విరేచనాలు, నోట్లో పుళ్లు. ఒంట్లో రక్తం లేదని సూదులు వేశారు, టానిక్కులు రాశారు. దిష్టి అన్నారు కొందరు. పని తప్పించుకోడానికి యేసాలు అంది మా అమ్మ.

ఈస్టరుకు ముందు వచ్చే శ్రమల దినాల్లో మా బాప్టిస్టు సంఘంలో తలా ఒకటి దేవుడి పేరున మానేస్తాం. మా అమ్మ పంచదార మానేసింది. డాక్టరు ఎప్పుడో మాన్పించిన పంచదారనే ఆవిడ ఏటేటా మళ్లీ మానేస్తుంది. నేను చుట్ట మానేశాను.

"సుట్ట ఎందుకు మావా, మాటలు మానీ. నీకూ కష్టముండదు, దేవుడికీ ఉండదు" అంది లీలారాణి.

తను మాత్రం రొట్టె, టీలో ముంచుకునే రస్కు మానేసింది. ఆమెకు ఇష్టమైనవి ఆ రెండే.

పండగ దగ్గరకొచ్చేసరికి మనిషి మారింది. నూతి దగ్గర బిందె ఎత్తుకుంటే మధ్యలో చింతచెట్టు కింద దించి ఆయాసం తీర్చుకునేది. ఆ దించడం మానేసింది. నేను చూశాను. చెప్పలేదు. నాకు చెప్పే అలవాటు లేదు.

ఈస్టరు ఆరాధనలో లేచి నిలబడి సాక్ష్యం చెప్పింది. "నా కడుపు దేవుడు బాగుసేసినాడు. నాను ఇడిసిపెట్టిన రొట్టెని బతికున్నంత కాలం ముట్టనని మీ అందరి ముందర ఒట్టు పెడతన్నాను." అందరూ ఆమేన్ అన్నారు. మా అమ్మాయి షాలిని మాత్రం అనలేదు. అది శ్రీకాకుళంలో నర్సింగు చదువుతోంది. పండక్కి వచ్చింది.

ఇంటికొచ్చాక అడిగింది. "అమ్మా, నీకు నిమ్మళించింది ఉపవాసానికా, రొట్టె మానేసినందుకా?"

"రెండూ ఒకటే కదే."

"ఒకటి కాదమ్మా" అని, ఆ వారంలోనే మమ్మల్ని విశాఖపట్నం తీసుకెళ్లింది.

అక్కడి డాక్టరమ్మ పెద్దావిడ. నెమ్మదిగా చెప్పింది. "పేగు లోపల తువ్వాలు మీద ఉన్నట్టు మెత్తటి నూగు ఉంటుంది. తిన్నదాని సారం పీల్చేది అదే. గోధుమలో ఉండే జిగురు కొందరికి పడదు, ఆ నూగుని తినేస్తుంది. మీ జబ్బు అదేనని నా అనుమానం. కానీ మీరు గోధుమ మానేసి ఉన్నారు. ఇప్పుడు పరీక్ష చేస్తే ఏమీ కనపడదు. మళ్లీ తినాలి. రోజుకి రెండు రొట్టెలు, తప్పకుండా, ఆరు వారాలు. అప్పుడు రక్తం చూస్తాం, గొట్టం వేసి పేగు చూస్తాం."

"పడదని మీరే సెప్తన్నారు, తినమని మీరే సెప్తన్నారు" అంది లీలారాణి.

"దొంగని ఇంట్లో ఉండగా పట్టుకోవాలి కదమ్మా."

"తినకండా ఇలగే ఉండిపోతే ఏటవుద్ది?"

"ఉండొచ్చు. అదేనో కాదో ఎప్పటికీ తెలీదు. అదే అయితే బతికినంత కాలం రవ్వంత కూడా తగలకూడదు. ఇంకోటయితే దాన్ని వెతకాలి. ఇది అమ్మకుంటే పిల్లలకీ రావొచ్చు, మీ అమ్మాయికి కూడా చూడాలి. తట్టుకోలేకపోతే మాత్రం నాకు కబురు చేయండి."

లీలారాణి పక్కనే ఉన్న షాలిని వైపు చూసింది. దాని కళ్ల కింద రెప్పలు తెల్లగా ఉన్నాయి. హాస్టలు తిండి అని ఊరుకున్నాం అన్నాళ్లూ.

"అయితే తింతాను" అంది.

మా అమ్మ ఒప్పుకోలేదు. "దేవుడు మాన్పించినదాన్ని డాక్టరు తినమంటే తినీడమేనేటి? సంగమంతా ఇన్నాది నీ ఒట్టు. రేపు ఏ మొకం పెట్టుకుని గుడికెల్తావు?"

"ఈ మొకమే అత్తా. ఇంకోటి నేదు."

ఆ ఆదివారం ప్రార్థన అయ్యాక మళ్లీ లేచింది. గుడంతా తిరిగి చూసింది. "అయ్యగారూ, పండగనాడు ఒట్టు పెట్టినాను కదా. డాక్టరు పరీచ్చకోసం ఆరు వారాలు దాన్ని తీసి గట్టు మీద పెడతన్నాను. అయిపోగానే మల్లీ ఎత్తుకుంతాను."

ఆడవాళ్లు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. పాస్టరు శాంతికుమార్ గారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "గట్టు మీద ఉన్నదాన్ని ప్రభువు కాపలా కాస్తాడులే అమ్మా. నువ్వెళ్లి తిను" అన్నారు.

మా అమ్మ నవ్వలేదు. ఇంటికొచ్చి, ఆ రొట్టెల మీద కోపంతో తను వాటిని మానేసింది. పొద్దున్నా రాత్రీ సోడి అంబలి, అంటే రాగి జావ, తాగడం మొదలుపెట్టింది. నాకు చద్దన్నం. రొట్టె లీలారాణి ఒక్కదానికే అయింది.

మొదటి వారం బాగానే గడిచింది. ఇష్టమైనదే కదా, నవ్వుతూ తింది. తర్వాత మొదలైంది.

తోటకూ ఇంటికీ మధ్య ఎండిపోయిన వాగు, మా మాటలో గెడ్డ, ఒకటి ఉంది. దాని ఇసకలో నడిచి వచ్చి లీలారాణి నాతోపాటు పని చేసేది. నేను చిక్కంతో కాయ కోసి దించితే, ఆమె సొన తుడిచి, సువర్ణరేఖ ఒకవైపు బంగినపల్లి ఒకవైపు ఏరి, గడ్డి పరిచిన గంపల్లో సర్దేది. రెండో వారానికి మధ్యమధ్యలో లేచి పొదల వైపు పోవడం, తిరిగొచ్చి చెట్టు మొదలుకు ఆనుకుని కూచోవడం ఎక్కువైంది. కాయ తుడిచే చెయ్యి మధ్యలో ఆగిపోయేది. నోట్లో పుళ్లు తిరిగి వచ్చాయి.

తన ఉపాయాలు తనకున్నాయి. పొద్దున తింటే పగలంతా పాడవుతోందని పని అయ్యాక తినేది. రొట్టెని నాలుగు మడతలు పెట్టి దాని మొహం చూసేది. "రాయే, రా. నీ సంగతి తేలుస్తాను" అనేది, తగువులమారి తోడికోడలితో అన్నట్టు. నమిలి మింగి, పల్చటి మజ్జిగ తాగి, కాళ్లు ముడుచుకుని చాప మీద పక్కకు తిరిగి పడుకునేది. నేను గెడ్డలోని వేడి ఇసక గుడ్డలో మూట కట్టి ఇస్తే పొట్టకు పెట్టుకునేది.

"మానీ" అన్నాను ఒకరోజు.

"నోరిప్పి ఒక్క మాటన్నావు, అదీ పనికిరాని మాట" అంది.

నగరేశ్వరరావు గారు లోడు చూసుకోడానికి మోటారుసైకిలు మీద వచ్చేవారు. "ఏమ్మా లీలారాణీ, డాక్టరు తినమన్నాడా, తినొద్దన్నాడా?"

"తినొద్దో కాదో తెలుసుకోడానికి తినమన్నాది బాబూ."

"బాగుంది వైద్యం. మా కొట్లో గోధుమపిండి బస్తాలున్నాయి. ఒకటి పంపిస్తాను, బేగి తేలిపోద్ది."

"ఒక బస్తాతోటి తేలితే మీరు బాగుపడరు బాబూ, రెండు పంపండి."

ఆయన పడీపడీ నవ్వారు. ఆయన బండి మలుపు తిరిగేదాకా లీలారాణి నిటారుగా నిలబడింది. తిరిగాక కూలబడింది.

ఆ సాయంత్రం ఇంటి అరుగు మీద పడుకుని మూలుగుతుంటే మా అమ్మ గుమ్మంలో నిలబడి చూసింది. చాలాసేపు చూసింది. ఏదో అంటుందని నేను కాచుకున్నాను. లోపలికి వెళ్లిపోయింది.

మర్నాడు లీలారాణి పిండి కలపబోతే చేతిలో గిన్నె లాక్కుంది. "నువ్వు కూకో. సపాతీ నాను కాలుస్తాను."

"సుగరు మనిసివి, నీకెందుకత్తా పొయ్యి కాడ సెగ?"

"కూకోమన్నాను."

అప్పట్నుంచి మా అమ్మే రొట్టెలు కాల్చి, స్టీలు డబ్బాలో పెట్టి, చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని గెడ్డ దాటి తోటకు తెచ్చేది. తెచ్చి, ఎదురుగా కూచుని, తినేదాకా చూసి, ఖాళీ డబ్బా పట్టుకుని వెళ్లేది.

నాలుగైదు రోజులు తిరిగేసరికి లీలారాణి లేచింది. పొదల వైపు పోవడం తగ్గింది. గంపలు గబగబా నిండుతున్నాయి. నగరేశ్వరరావు గారు చూసి "చూశావా, గోధుమ చేసిన పాపం ఏమీ లేదు" అన్నారు. సంఘంలో వాళ్లు, దేవుడు రెండోసారి స్వస్థత ఇచ్చాడన్నారు. లీలారాణి తలూపి ఊరుకుంది. నాకు సంతోషం వేయాలి. వేసింది కూడా. కానీ ఎక్కడో ఏదో కుదరడం లేదనిపించింది. చెట్టుకు కాయ పండిందో లేదో రంగు చెబుతుంది కాని, కొన్నిసార్లు రంగు వచ్చిన కాయ తొడిమ వదలదు. అట్లా ఉంది.

ఒకరోజు పని అయ్యాక మా అమ్మ డబ్బా ఇచ్చి గంపల అవతల నీడన నడుం వాల్చింది. లీలారాణి అలవాటు ప్రకారం రొట్టెని మడిచింది. రొట్టె మడత పడలేదు. పుటుక్కున విరిగి, రెండు ముక్కలై, ఒక పెచ్చు గడ్డి మీద పడింది. ఆమె నా వైపు చూడకుండా ఆ రెండు ముక్కలూ తినేసింది. తను నీళ్లకు లేచినప్పుడు గడ్డి మీది పెచ్చు తీసి నోట్లో వేసుకున్నాను. గోధుమ రొట్టె సాగుతుంది. ఇది నోట్లో ఇసకలా విడిపోయింది. బియ్యం. చివరన సోడి వాసన.

మా ఊళ్లో పిండిమర నరసింగరావుది. ఏదో పని మీద పోతున్నట్టు పోయి అడిగాను.

"మీ అమ్మ ఈ మద్దిన గోదుమలెక్కడ తెచ్చినాది?" అన్నాడు. "బియ్యం తెస్తన్నాది, ఓ గుప్పెడు సోళ్లు పోస్తన్నాది. ఇదేటప్పా అనడిగితే, రంగు రావాల అన్నాది. ముసిలోళ్ల తిండి మనకేటి తెలుస్తాదని పట్టీసినాను."

ఇంటికి వెళ్లేసరికి మా అమ్మ పెరట్లో కూచుని జల్లెడ పడుతోంది. తెల్లటి పిండిలో అక్కడక్కడ ఎర్రటి నలకలు.

"అమ్మా. రొట్టె ఇరుగుతున్నాది" అన్నాను.

జల్లెడ ఆగలేదు. "ఇరగదేటి మరి. బియ్యప్పిండి."

"పరీచ్చ పోద్ది."

"పోతే పోనీ."

"దానికి తెలీదు."

అప్పుడు జల్లెడ కింద పెట్టింది. "నువ్వు మగోడివి, తోట్లో పనుంతాది నీకు. ఇంటికాడ దాని మూలుగు ఇన్నది నాను. ఇన్నాళ్లూ యేసాలనుకున్నాను రా. పక్కన కూకుని సూస్తే యేసాలు కావు. తెలిసి తెలిసి నా సేత్తో ఆ ఇసం ఎలగ కాల్సి పెట్టీది? నువ్వు పెట్టగలవేటి?"

పేడగంప పట్టుకుని వెనకవైపు నుంచి వచ్చిన లీలారాణి ఎప్పుడు నిలబడిందో చూసుకోలేదు.

"నాకు తెలుసు మావా" అంది. "మొదటి దినం మొదటి ముక్కకే తెలిసింది."

ఇద్దరం ఆమె వైపు చూశాం.

"ఇరవయ్యేళ్లు నా సేత్తో రొట్టెలు కాల్సినదాన్ని. బియ్యప్పిండి తెలీదేటి నాకు?"

"మరి సెప్పలేదేటే?" అంది మా అమ్మ.

లీలారాణి గంప దించి చేతులు కడుక్కుంది. కొంగుతో తుడుచుకుంది. "నా పెళ్లయినకాడ్నుంచి నువ్వు నాకోసం పొయ్యి ముందర కూకోడం నాను సూడనేదు అత్తా. నాలుగు దినాలు తినాలనిపించింది. తినీసినాను."

మా అమ్మ జల్లెడ ఎత్తింది. పిండి లేదు అందులో. ఖాళీ జల్లెడనే కాసేపు ఆడించింది.

షాలినికి ఫోన్ చేశాను. అది డాక్టరమ్మను అడిగి మళ్లీ చేసింది. ముందు అరిచింది. తర్వాత ఏడ్చిందని గొంతుబట్టి తెలిసింది. "నానా, తినని రోజులు లెక్కలోకి రావట. మళ్లీ మొదట్నుంచీ తినాలట. ఉండగలదా అమ్మ? లేకపోతే వద్దని చెప్పనా?"

ఫోన్ లీలారాణికి ఇచ్చాను. "నువ్వు రక్తం పరీచ్చకిచ్చినావా?" అని అడిగింది. "ఇయ్యి ముందు. నా సంగతి నాను సూసుకుంతాను." ఫోన్ పెట్టేసి మా అమ్మ దగ్గరకు వెళ్లింది.

"అత్తా, రేపు గోదుమలు నువ్వే ఏరు. నువ్వే మర పట్టించు. నువ్వే కాల్సు."

"నావల్ల కాదు లీలా."

"నీ సేతిది అయితే నాకు దిగుద్ది. నా సేతిది దిగదు. నాను కాల్సుకుని నాను తింతే, ఎవులూ సూడకుంటే కుక్కకేసీగలను. నువ్వు ఎదురుగా కూకుంతావు, అప్పుడు నాకు తప్పదు."

మా అమ్మ జల్లెడ తీసి గోడకు తగిలించింది. చివరికి "ఎన్నేసి?" అంది.

"రెండు."

"సిన్నవి సేస్తాను."

"పెద్దవే సెయ్యి. తేలాల."

ఆ తర్వాతి వారాలు నేను పెద్దగా చెప్పలేను. సువర్ణరేఖ అయిపోయింది, బంగినపల్లి అయిపోయింది. ఎండ గెడ్డ ఇసకను కాల్చేసింది. లీలారాణి తోటకు రావడం తగ్గించి, తర్వాత మానేసింది. సాయంత్రం నేను ఇంటికి చేరేసరికి ఇద్దరూ అరుగు మీద ఉండేవారు. మా అమ్మ ఒళ్లో డబ్బా మూత. లీలారాణి చేతిలో రొట్టె.

"తిను, దిక్కుమాలినదాన్ని. బేగి తినీ. సల్లారిపోతే మరీ దిగదు."

"తింతన్నాను కదత్తా. తరుముతావేటి, పోలీసోలాగ."

"ఇంకో ముక్క. ఇది ఆకరిది."

"నిన్నా అలగే అన్నావు."

తిన్నాక మా అమ్మే వేడి ఇసక మూట పొట్టకు పెట్టేది. మూలుగు ఎక్కువైతే పాటల పుస్తకం లేకుండానే పాత కీర్తనేదో అందుకునేది. ఆవిడ గొంతు బాగుండదు. "నీ పాటకి కడుపునొప్పి మర్సిపోయి సెవి నొప్పొచ్చింది" అనేది లీలారాణి. అనే ఓపిక ఉందంటే ఆ రోజు కాస్త ఫరవాలేదని నేను గుర్తు పెట్టుకునేవాణ్ణి. అనని రోజులూ ఉన్నాయి. అటువంటి ఒక రోజు నేనే డాక్టరమ్మకు ఫోన్ చేశాను. ఇంత పొడుగు మాట నా జన్మలో ఫోన్‌లో మాట్లాడలేదు. ఆవిడ విని, "వచ్చేయండి, ఇంక చాలు. ఇప్పటికి తిన్నది సరిపోతుంది" అంది.

తొలకరి జల్లు పడిన మర్నాడు బయలుదేరాం. రక్తం తీశారు. గొట్టం వేసి పేగులోంచి చిటికెడు ముక్క తీశారు. ఆ ముక్క సంగతి తేలడానికి కొన్నాళ్లు పట్టింది. రెండోసారి వెళ్లినప్పుడు మా అమ్మ కూడా వచ్చింది. వద్దంటే వినలేదు.

డాక్టరమ్మ కాగితాలు తిప్పింది. "నూగు అంతా అరిగిపోయింది. రక్తంలో కూడా బాగా కనిపించింది."

"అంటే ఉన్నాదా?" అంది లీలారాణి.

"ఉంది. అనుమానం లేదు."

జబ్బు ఉందని చెబితే నవ్విన మనిషిని ఆ డాక్టరమ్మ అంతకు ముందు చూసి ఉండదు. లీలారాణి రెండు చేతులూ జోడించి నవ్వింది. "మా అత్తకి సెప్పండమ్మా. ఉన్నాదని సెప్పండి."

"ఇన్నాను లేవే" అంది మా అమ్మ. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వడానికో, మరి దేనికో. "పిల్లకి?"

షాలిని రక్తంలో ఆ జబ్బు లేదన్నారు. రక్తం తక్కువ ఉంది, దానికి మాత్రలు రాశారు.

ఇంక ఏమేం తినకూడదో డాక్టరమ్మ చెప్పింది. గోధుమ, మైదా, బొంబాయి రవ్వ, సేమియా, బిస్కెట్లు, కొట్లో కొనే ఇంగువ కూడా, అందులో మైదా కలుపుతారట. లీలారాణి అంతా విని, "అన్నం?" అంది.

"తినొచ్చు."

"సోళ్లు? గంటెలు?"

"రాగులు, సజ్జలు, అన్నీ."

"మరైతే మావూళ్లో తిననిదేటున్నాది" అంది.

వచ్చిన మొదటి ఆదివారం లేచి నిలబడి, గట్టు మీది ఒట్టు ఎత్తుకుంటున్నానని చెప్పింది. ఆరాధనలో రొట్టె ముక్కలు పంచే ప్రభువు బల్లకు ఆమె ముక్క మట్టుకు బియ్యప్పిండితో వేరేగా చేయించమని శాంతికుమార్ గారు ఎవరూ అడక్కుండానే పురమాయించారు.

వానలు దిగాయి. తోటలో చివరికి మిగిలేది ఆలస్యంగా పండే పనుకులు రకం కాయలే. వాటిని దింపుతున్నాను ఒక పొద్దున. గెడ్డలో మోకాలు లోతు నీళ్లు పారుతున్నాయి. అవతల మా ఇంటి పెరడు. అక్కడి నుంచి కేకలు.

"ఎన్ని తిన్నావు?"

"ఒక్క టెంక సీకినాను. టెంకలో ఏటుంతాదే?"

"మరి ఆ తొక్కలేటి? గోలెం ఎనకాల దాసినావు, నాను సూడననుకున్నావేటి? నీ సుగరెంతుందో తెలుసునా నీకు? నాను నీ ఎదురుగా కూకుని రొట్టె తిన్నానా లేదా? ఇలాగ తే. తెమ్మంతన్నాను ఆ కాయ."

"ఒరే సత్యానందం, సూడరా, నీ పెళ్లాం నా నోటికాడిది లాగీస్తన్నాది."

నన్ను పిలుస్తున్నారని విన్నాను. పలకలేదు. ఇరవయ్యేళ్లుగా ఆ ఇంట్లో కేక అంటే మా అమ్మదే. లీలారాణిది ఎప్పుడూ గొణుగుడు. కేక వేయడానికి ఒంట్లో ఏదైనా ఉండాలి కదా. ఇప్పుడు గెడ్డ నీళ్ల చప్పుడు దాటుకుని, ఇంత దూరం, ఆమె గొంతు మా అమ్మ గొంతు మీద నిలబడి వినబడుతోంది.

చిక్కం పట్టుకుని ఇంకో కొమ్మ ఎక్కాను. అక్కడైతే ఇంకా బాగా వినబడుతుంది.